పెచ్చులూడిన పాత వేప్‌కి (ఇ-సిగరెట్టుకి) మళ్ళీ రంగు వేసుకోవచ్చా, పారేయడమే మంచిదా?

గోదారిగట్టు (బర్మింగ్‌హామ్):
సిగరెట్టు మానడానికి కొనుక్కున్న బాక్స్ మోడ్ (డబ్బా ఆకారపు వేప్) ఇప్పటికీ నా దగ్గరుంది. లోపలంతా బాగానే పనిచేస్తోంది. పైన మాత్రం అంచుల దగ్గర నల్ల రంగు పెచ్చులుగా లేచిపోయి కింది లోహం కనిపిస్తోంది. పాత రంగు గీకేసి, ప్రైమర్ కొట్టి, ముదురాకుపచ్చ వేద్దామని ఉంది. సెలవు రోజున కూర్చుని చేత్తో ఏదో ఒక పని చేయడం నాకిష్టం. ఆఫీసులో ఒకరేమో కొత్తది కొనుక్కోక ఇంత శ్రమ ఎందుకంటారు. ఇంకొకరైతే బ్యాటరీ ఉన్న వస్తువును విప్పడమే తప్పంటున్నారు. ఒక్కసారి వాడి పారేసే వేప్‌ల అమ్మకాన్ని ఇక్కడ 2025 జూన్ 1 నుంచి నిషేధించారు కదా. పారేయడం తగ్గించమనే కదా దాని అర్థం? మీరేమంటారు?

కంచుగంట (హైదరాబాద్):
అన్నా, సిగరెట్టు మానావు, చాలా సంతోషం. కానీ ఈ పని నాకు నచ్చలేదు. పాతబడి అందం పోయిన వస్తువును వదిలేయడం తేలిక. నువ్వే దానికి కొత్త బట్టలు తొడిగితే ఇంకో నాలుగేళ్ళు జేబులోనే ఉంటుంది. అదే టైములో నికోటిన్ తగ్గించుకునే పని చూడొచ్చు కదా. ఇంట్లో పిల్లలుంటే ఇంకా ఆలోచించు. నాన్న ఎంతో ఇష్టంగా కూర్చుని మెరుగుపెట్టే వస్తువు చెడ్డదని ఏ పిల్లాడూ అనుకోడు.

ఇంకో మాట. సంక్రాంతికి వచ్చేటప్పుడు చూపిద్దామని సూట్‌కేసులో వేసుకోకు. ఇక్కడ ఇ-సిగరెట్లను నిషేధిస్తూ 2019 సెప్టెంబరు 18న ఆర్డినెన్సు తెచ్చారు, డిసెంబరుకల్లా చట్టమైంది. తయారీ, దిగుమతి, రవాణా, అమ్మకం, ప్రకటన అన్నీ నేరమే. మొదటిసారికే ఏడాది వరకు జైలు, లేదా లక్ష వరకు జరిమానా, లేదా రెండూ. నిల్వ ఉంచుకోవడానికి శిక్ష వేరే ఉంది. నికోటిన్ లేని ద్రవం వాడినా తప్పించుకోలేవు, చట్టంలో ఆ మాట కూడా రాశారు.

లేత్‌మిషన్ (స్టట్‌గార్ట్):
కంచుగంట గారు చట్టం గురించి చెప్పింది నిజం. మానేయగలిగితే మానేయడం మంచిదన్నదీ నిజమే. నేను వాదించేది "విప్పడమే తప్పు" అన్న మాట మీద. రోజూ లోహంతో పనిచేసేవాణ్ణి. రంగు వేయడం వల్ల ప్రమాదం రాదండీ, పడకూడని చోట పడితేనే వస్తుంది. ఆ చోట్లు తెలుసుకుని చేస్తే ఇది మంచి చేతిపని.

ముందు సెల్స్ బయటకు తీయండి. 18650 సెల్ (మళ్ళీ చార్జ్ చేసుకునే లిథియం సెల్) అయితే దాని పల్చటి ప్లాస్టిక్ తొడుగును వెలుతురులో తిప్పి చూడండి. సెల్ ఒళ్ళంతా నెగటివే. పైన ఉన్న చిన్న బొడిపె ఒక్కటే పాజిటివ్. రెండింటి మధ్య ఎడం చాలా తక్కువ కాబట్టి పై అంచులో తొడుగు చిరిగితే షార్ట్ అవడానికి చిన్న లోహపు ముక్క చాలు. కొత్త తొడుగు, పైన పెట్టే కాగితం రింగు చవగ్గా దొరుకుతాయి. వేడిగాలి తగిలితే తొడుగు ముడుచుకుని సెల్‌ను పట్టేసుకుంటుంది. డబ్బా మీద గీతల గురించి బాధపడేవాళ్ళు చాలామంది దీన్ని పట్టించుకోరు, నాకు బాధగా ఉండేది అక్కడే.

తర్వాత బోర్డు, స్క్రీను, బటన్లు అన్నీ తీసేసి ఉత్త డబ్బాను మాత్రమే ఉప్పు కాగితంతో రుద్దాలి. కొందరు లోపల బోర్డు ఉంచేసి టేపు అతికించి రుద్దుతారు. ఆ లోహపు పొడిలోంచి కరెంటు పారుతుంది. బోర్డు మీద ఎక్కడ చేరిందో కంటికి కనిపించదు.

రంగు పడకూడని చోట్లు మూడు. మొదటిది బ్యాటరీ మూత దగ్గరుండే చిన్న రంధ్రాలు. సెల్ పాడై గ్యాస్ వదిలితే అది బయటకు పోయే దారి అదే. లప్పంతోనో, రంగు మీద వేసే పారదర్శకపు క్లియర్ కోటుతోనో అవి పూడితే లోపల ఒత్తిడి పెరుగుతుంది. 2018 మే నెలలో ఫ్లోరిడాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో వేప్ పేలి ఒక మనిషి చనిపోయాడు. దాని ముక్క తలలోకి దూసుకుపోయింది. అది మెకానికల్ రకం, అంటే లోపల కాపాడే చిప్పు ఉండదు. రంగు వేసినందుకు అలా జరగలేదు. అయినా లోహపు గొట్టంలో ఒత్తిడి పెరిగితే ఎంత దూరం పోతుందో తెలియాలని చెప్తున్నాను. రెండోది ద్రవం ఉండే ట్యాంకు బిగించే మర, 510 అంటాం. నెగటివ్ కనెక్షన్ ఆ మర గుండానే పోతుంది. అక్కడ రంగు చేరితే స్క్రీను మీద రెసిస్టెన్స్ అంకె నిలబడదు, "చెక్ అటామైజర్" (ఆవిరి చేసే భాగాన్ని చూడమని) అని చూపిస్తూ ఉంటుంది. మూడోది నోట్లో పెట్టుకునే డ్రిప్ టిప్. దాన్ని ముట్టుకోవద్దు, గీతలు పడితే కొత్తది కొనుక్కోండి.

క్లియర్ కోటు విషయంలో మాత్రం చాలా జాగ్రత్త. కార్లకు వాడే, రెండు భాగాలు కలిపి వేసే కోటు గట్టిగా నిలుస్తుంది, కానీ అందులో ఐసోసయనేట్లు ఉంటాయి. అవి ఆస్తమా తెప్పిస్తాయి, మామూలు దుమ్ము మాస్కు వాటిని ఆపదు. ఊపిరితిత్తుల కోసం సిగరెట్టు మానిన మనిషి అది పీల్చడమేమిటి? ఏదీ కలపక్కర్లేని, ఒకే భాగం ఉండే స్ప్రే క్యాన్ చాలు. త్వరగా అరిగితే మళ్ళీ వేసుకోవచ్చు. వేసిన వెంటనే మాత్రం వాడకండి, వాసన పూర్తిగా పోయి గోరు దిగనంత గట్టిపడే దాకా ఆగండి.

మీది సెల్ లోపలే అతికించిన రకమైతే నా సలహా పూర్తిగా వేరు. విప్పొద్దు. యూకేలో వేప్‌లు అమ్మే షాపులు పాతవి తిరిగి తీసుకోవాలి, అక్కడ ఇచ్చేయండి.

ఇత్తడిచెంబు (డాలస్):
అసలు రంగే ఎందుకు బాసూ? నా దగ్గరున్నది ఉత్త ఇత్తడి గొట్టం. చెయ్యి తగిలిన చోట మెరుస్తూ, తగలని చోట నల్లబడి ఉంటుంది. ఆ మచ్చలు నా వాడకం వల్ల వచ్చినవి, కొని తెచ్చుకోలేం. కొత్తదానిలా చేసేస్తే అందరి దగ్గరా ఉన్నదే అవుతుంది. మరీ నల్లబడితే ఇంట్లో చెంబులకు చేసినట్టు చింతపండు పెట్టి తోమితే సరిపోతుంది.

లేత్‌మిషన్ (స్టట్‌గార్ట్):
మచ్చలు ఉంచుకోవడం మీ ఇష్టం, అందులో తప్పేం లేదు. చింతపండు దగ్గర మాత్రం ఆగండి తమ్ముడూ. చెంబుకు మరలుండవు, లోపల ప్లాస్టిక్ ఇన్సులేటర్ ఉండదు. పులుపు మరల సందుల్లో మిగిలిపోతే అక్కడ మళ్ళీ పచ్చగా చిలుము పడుతుంది, కనెక్షన్ పాడవుతుంది. పూర్తిగా విప్పి, గొట్టం పైభాగం మాత్రమే తోమి, కడిగి, బాగా ఆరాకే బిగించండి. లేత్ మీద తేలిగ్గా తెగే ఇత్తడిలో 3 శాతం దాకా సీసం కలుపుతారు. కాబట్టి ఉప్పు కాగితంతో పొడిగా రుద్దకండి, తడిపి రుద్ది చేతులు కడుక్కోండి. మీది చిప్పు లేని మెకానికల్ అయితే షార్ట్ అయినా ఆపేవాళ్ళు లేరు. గొట్టం అందం కన్నా ఇన్సులేటరు, స్విచ్చి నాకు ముఖ్యం.

కంచుగంట (హైదరాబాద్):
లేత్‌మిషన్ గారూ, మీరు చెప్పిన జాగ్రత్తలన్నీ చదివాక నా అభిప్రాయం ఇంకా గట్టిపడింది. ఇన్ని చోట్ల ప్రాణం మీదికొచ్చే వస్తువును హాబీ చేసుకోవడమెందుకు? రేడియో ఉంది, గడియారం ఉంది. చేతిపని మీద ఇష్టం ఉన్నవాడికి పాత వస్తువులకు కరువా?

లేత్‌మిషన్ (స్టట్‌గార్ట్):
నిజమేనండీ, రేడియో ఇస్తే నేనూ సంతోషంగా చేస్తాను. కానీ ఆయన ఈ డబ్బా రోజూ వాడుతున్నాడు. రంగు వేసినా వేయకపోయినా రేపు పొద్దున అది ఆయన చేతిలోనే ఉంటుంది. ఈ పని పెట్టుకుంటే కనీసం ఒక్కసారైనా తొడుగు, మర, రంధ్రాలు కళ్ళతో చూస్తాడు. పెచ్చులూడింది అలాగే వాడేవాడు అవేవీ చూడడు.

గోదారిగట్టు (బర్మింగ్‌హామ్):
నాది రెండు 18650 సెల్స్ వేసేది, తీసే రకమే. ఇప్పుడే చూశాను, ఒక సెల్ తొడుగు పైన చిన్న చిరుగుంది. తొడుగు మార్చేదాకా అది పక్కనే. కంచుగంట గారూ, నికోటిన్ తగ్గించే మాట గుర్తుపెట్టుకుంటాను, కానీ రంగు మాత్రం వేస్తాను. ఇంట్లో ఆయిల్ ఎనామెల్ క్యాన్ ఉంది. డబ్బా జింకు మిశ్రమం. నేరుగా కొట్టేయొచ్చా?

లేత్‌మిషన్ (స్టట్‌గార్ట్):
వద్దు. జింకు మీద ఆయిల్ ఎనామెల్ నేరుగా వేస్తే కొన్నాళ్ళకు అడుగున సబ్బులా మారి పొరలుగా లేచిపోతుంది. ముందు ఎపాక్సీ ప్రైమర్ పల్చగా రెండు కోట్లు, ఆరుబయట, చేతికి గ్లవ్స్ వేసుకుని. అది గట్టిపడ్డాక నీళ్ళతో తడిపి సన్నటి ఉప్పు కాగితంతో ఒకసారి తుడవండి. ఆపైన మీ ఆకుపచ్చ. రంగు పడకుండా అతికించిన టేపు తీసేటప్పుడు 510 మర ఒకసారి చూసుకోండి.