ఆపరేషన్ దగ్గరపడ్డాక సిగరెట్ మానితే కఫం పెరుగుతుందా?

బ్రాడీపేట అబ్బాయి:
మా నాన్నగారికి గజ్జల్లో హెర్నియా. గుంటూరు కొత్తపేటలో చూపించాం. మూడు వారాల్లో ఆపరేషన్, మెష్ (బలహీనపడ్డ చోట ఆసరాగా పెట్టే వల) వేస్తామన్నారు. పొగాకు గోడౌన్లో పనిచేసిన మనిషి. చుట్టతో మొదలై ఇప్పుడు రోజుకో పెట్టె సిగరెట్లు కాలుస్తారు. డాక్టరు గారు ఈ రోజే మానేయమన్నారు. మా బాబాయి మాత్రం "ఇంత దగ్గర్లో మానితే కఫం ఎక్కువై మత్తు ఇచ్చేటప్పుడు ప్రమాదం, ఆపరేషన్ అయ్యాక మానొచ్చు" అంటున్నారు. ఇంట్లో రోజూ ఇదే గొడవ. ఎవరి మాట వినాలి?

కృష్ణలంక:
మీ బాబాయి గారి మాట కొట్టిపారేయకండి. మానిన కొత్తలో దగ్గు, కఫం ఎక్కువవడం మా ఇంట్లోనే చూశాం. అసలే ఆపరేషన్ టెన్షన్, దాని మీద సిగరెట్ లేని చిరాకు. ఆ వయసులో రెండూ ఒకేసారి నెత్తిన పెట్టడం న్యాయమేనా? మానితే రెండు నెలల ముందే మానాలని నేనూ విన్నాను.

సూర్యారావుపేట:
నేను మత్తు డాక్టర్ని. ఈ రెండు నెలల లెక్క ఊరికే పుట్టలేదు. 1989లో అమెరికాలోని మేయో క్లినిక్ వాళ్లు గుండె బైపాస్ రోగుల మీద ఒక అధ్యయనం ప్రచురించారు. ఎనిమిది వారాల లోపు మానినవాళ్లకి ఊపిరితిత్తుల సమస్యలు ఎక్కువ వచ్చినట్టు అందులో కనిపించింది. అయితే అలా మానినవాళ్లు కొద్దిమందే. మానకుండా కాల్చినవాళ్లతో పోల్చి ఒక నిర్ణయానికి రావడానికి ఆ సంఖ్య చాలదు. 2011లో అప్పటికి ఉన్న అధ్యయనాలన్నీ కలిపి చూశారు. ఆఖర్లో మానడం వల్ల కీడు జరుగుతుందనడానికి ఆధారం దొరకలేదు. అయినా పాత మాటే ఇంకా తిరుగుతోంది. కొందరు డాక్టర్లే చెబుతున్నారు, అది నాకు బాధగా ఉంటుంది.

పొగలోని కార్బన్ మోనాక్సైడ్ రక్తంలో ఆక్సిజన్ కూర్చోవాల్సిన చోట కూర్చుంటుంది. మానిన నాలుగైదు గంటల్లో దాదాపు సగానికి తగ్గుతుంది. అంటే ఒక్క రోజు ముందు మానినా గుండెకి మేలే. పుండు మానడానికి, చీము పట్టకుండా ఉండడానికి కావలసిన శక్తి తేరుకోవడానికి మాత్రం వారాలు పడుతుంది. నాలుగు వారాలు మానితే మంచి తేడా ఉంటుందని, ఆ పైన ప్రతి వారమూ లాభమేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. మీ నాన్నగారికి మూడు వారాలున్నాయి. దాన్ని వదులుకోవద్దు. హెర్నియాలో ఇంకో సంగతి ఉంది. పొగ తాగేవాళ్ల దగ్గు కుట్ల మీద పడుతుంది, మెష్‌కి చీము పడితే మళ్లీ కోయాల్సి రావచ్చు.

కృష్ణలంక:
సరేనండీ, కఫం సంగతి ఒప్పుకుంటాను. కానీ "మానకపోతే ఆపరేషన్ చేయం" అని వాయిదా వేసే డాక్టర్లున్నారే, అది కూడా సబబేనా? కూలి పని చేసేవాడు నొప్పితో ఇంకో నెల ఎలా బతుకుతాడు? ఇక సిగరెట్ బదులు నమలమని నికోటిన్ గమ్ అంటారు. అందులోనూ అదే విషం కదా?

సూర్యారావుపేట:
గమ్‌లో నికోటిన్ ఉంటుంది, పొగ ఉండదు. కార్బన్ మోనాక్సైడ్, తారు పొగతో వచ్చేవే. చర్మం అతికించే ఆపరేషన్లలో, ఎముకలు అతుక్కోవాల్సిన వాటిలో కొందరు సర్జన్లు గమ్ కూడా వద్దంటారు, కాబట్టి అడిగి వాడండి. నమిలి మింగేయకుండా, ఘాటు తగలగానే బుగ్గలో పెట్టుకోవాలి. ఆపరేషన్ రోజు మాత్రం మత్తు డాక్టర్ని అడక్కుండా నోట్లో పెట్టుకోవద్దు. 1800-11-2356కి ఫోన్ చేస్తే మానడానికి ఉచితంగా సలహా ఇస్తారు.

వాయిదా విషయంలో నేను మీ వైపే. మానలేదని మనిషిని తిప్పి పంపడం వైద్యం కాదు. గమ్, సలహా ఏమీ ఇవ్వకుండా "మానేసి రా" అనడం మరీ తప్పు. క్యాన్సర్ ఆపరేషన్‌ని సిగరెట్ కోసం ఆపకూడదు. హెర్నియా లోపలికి పోకుండా గట్టిపడి నొప్పి, వాంతులు మొదలైతే నాన్నగారు ఆ ఉదయం సిగరెట్ కాల్చారా లేదా అని చూడకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. కాల్చి ఉంటే ఆ మాట మత్తు డాక్టర్‌కి చెప్పండి, దాచొద్దు.