థియేటర్‌లో మాటలు వినబడటం లేదు: లోపం స్పీకర్‌దా, మిక్సింగ్‌దా?

మాది ఒడిశాలోని బరంపురం. ఇక్కడి ఒక సింగిల్ స్క్రీన్‌లో కొత్త తెలుగు సినిమాలు చూస్తుంటే పాటలు, ఫైట్లు అదిరిపోతున్నాయి కానీ మాటలు సరిగా వినబడటం లేదు. వెనక మ్యూజిక్ మొదలైతే చాలు, హీరో గుసగుస, కమెడియన్ పంచ్ రెండూ అందులో కొట్టుకుపోతున్నాయి. ఇంటర్వెల్ తర్వాత, ముఖ్యంగా ఎమోషనల్ సీన్లలో ఈ బాధ ఎక్కువ. మాటలే ప్రాణమైన సినిమాకి ఇంతకన్నా అన్యాయం లేదు!

బాల్కనీ, మధ్య వరసలు, ముందు వరసలు అన్నీ మార్చి చూశాను. గోడ పక్క సీట్లలో మరీ ఘోరం, మధ్యలో కొంచెం నయం. ఆపరేటర్‌ని అడిగితే, సౌండ్ ఎక్కువైందని జనం గొడవ పెడుతున్నారని ప్రాసెసర్ ఫేడర్ (హాలు మొత్తం సౌండ్ పెంచే, తగ్గించే కంట్రోల్) 4.5 దగ్గర ఉంచామన్నారు. రిఫరెన్స్ లెవెల్, అంటే సినిమాకి ప్రామాణికంగా పెట్టాల్సిన స్థాయి, 7 కదా. నా మాట మీద ఒక షోలో 5.5కి పెంచారు. మాటలతో పాటు మ్యూజిక్ కూడా పెరిగింది, తేడా ఏమీ తెలియలేదు.

ఇచ్ఛాపురం వెళ్లి అదే సినిమా చూస్తే మాటలు శుభ్రంగా వినిపించాయి. మరో సినిమా మాత్రం రెండు చోట్లా ఒకేలా మసకగా ఉంది. మొదటిది చూస్తే మా హాలు స్పీకర్ లోపమనిపిస్తుంది, రెండోది చూస్తే సినిమా మిక్సింగ్‌లోనే (మాటలు, మ్యూజిక్ కలిపే పనిలోనే) లోపమనిపిస్తుంది; అందుకే అయోమయంలో పడ్డాను. మాటలు ప్రధానంగా తెర వెనక సెంటర్ స్పీకర్ నుంచే వస్తాయని తెలుసు.

ప్రొజెక్షన్ పనో, సౌండ్ పనో తెలిసినవాళ్లు చెప్పండి: సెంటర్ స్పీకర్ బలహీనపడిందా లేదా అన్నది ఆపరేటర్ చేత ఏ పరీక్ష చేయిస్తే ఖాయంగా తేలుతుంది?