పిల్లల కథల పూటలో డ్రాగన్ చావాలా, బతకాలా?

చిట్టిగువ్వ:
మా అపార్ట్‌మెంట్ సముదాయంలోని చిన్న గ్రంథాలయంలో నెలకు రెండు ఆదివారాలు, అయిదు నుంచి ఎనిమిదేళ్ల పిల్లలకు గంటసేపు కథలు చెబుతున్నాము. ఈసారి డ్రాగన్ కథలు కావాలని పిల్లలే అడిగారు. నేను పోలండులోని క్రాకోవ్ నగరపు కథను ఎంచుకున్నాను. వావెల్ కొండ గుహలో చేరి పశువులను మింగుతున్న డ్రాగన్‌ను యోధులెవరూ ఏమీ చేయలేకపోతే, స్కూబా అనే చెప్పులు కుట్టే కుర్రవాడు గొర్రె తోలులో గంధకం కూరి, కుట్టి, గుహ ముందు పెడతాడు. దాన్ని మింగిన డ్రాగన్ కడుపుమంటకు తాళలేక విస్తులా నది నీళ్లు తాగీ తాగీ చివరికి పగిలిపోతుంది. ఇద్దరు తల్లులు ఈ ముగింపు వద్దంటున్నారు. డ్రాగన్ మనసు మార్చుకుని మంచిదైపోయిందని చెప్పడం సబబేనా?

తాటాకు:
దయచేసి మార్చవద్దు. చాలా ఏళ్లుగా ఒకటో తరగతికి కథలు చెబుతున్నదాన్ని కనుక గట్టిగానే అంటున్నాను. కడుపు ఉబ్బి పగిలే చోట పిల్లలు నవ్వుతారు. వాళ్లు బెదిరేది అంతకు ముందు, మనం గొంతు తగ్గించి గుహలోని చీకటిని వర్ణించేటప్పుడు. అందువల్ల తగ్గించవలసింది ఆ వర్ణనే. డ్రాగన్ తనంతట తానే మంచిదైపోతే స్కూబాకు కథలో పనే ఉండదు. కత్తి పట్టినవాళ్లకు చేతకానిది దబ్బనం పట్టినవాడికి చేతనైందన్నదే ఆ కథకు ప్రాణం.

నీలిమబ్బు:
తాటాకు గారి మాట కాదనను, కాని నా అభ్యంతరం చావు గురించి కాదు. ఆ ఒక్క కథతో సరిపెడితే డ్రాగన్ అంటే చంపవలసిన జంతువు అన్న ముద్ర పిల్లల మనసులో పడిపోతుంది. సరిహద్దు గొడవ వచ్చినప్పుడల్లా మన పత్రికలు చైనాను డ్రాగన్ దేశమని రాయడం, టీవీ ముందు కూర్చున్న పిల్లలు ఆ మాట వినడం మనకు తెలిసినదే. ఆ చైనాలో మాత్రం డ్రాగన్ వానలకూ నదులకూ అధిపతి. అనావృష్టి వస్తే జనం దానికే మొక్కేవారు.

అక్కడి జానపద కథ ఒకటి చూడండి. పైర్లు ఎండి జనం ఏడుస్తుంటే చూడలేక నాలుగు డ్రాగన్లు సముద్రపు నీటిని నోట పట్టి, ఆకాశం నుంచి వానగా కురిపిస్తాయి. తన అనుమతి లేకుండా చేశాయని స్వర్గ చక్రవర్తి వాటిని నాలుగు కొండల కింద అణచివేస్తే, అవి నదులై బయటికి పారుతాయి. వాటిలో ఒకటైన హైలాంగ్‌జియాంగ్ పేరుకు నల్ల డ్రాగన్ నది అనే అర్థం. నా దృష్టిలో ఈ కథే ముందు రావాలి.

పొలంగట్టు:
ఇంత దూరం ఎందుకండీ? భాగవతం దశమ స్కంధంలో కాళీయుడు ఉన్నాడు కదా. మడుగును విషమయం చేసిన ఆ సర్పాన్ని కృష్ణుడు చంపలేదు; భార్యలు వేడుకోగా రమణక ద్వీపానికి పంపేశాడు. ఆ తల్లుల బెంగ కూడా తీరుతుంది.

తాటాకు:
పొలంగట్టు గారూ, ఆ కథ నాకు ఎంతో ఇష్టం, అందుకే అది ఈ పూటకు వద్దంటున్నాను. నాగుల చవితికి పుట్టలో పాలు పోసే ఇంటి బిడ్డకు పడగల కాళీయుణ్ణి డ్రాగన్ అని పరిచయం చేస్తే రెండింటికీ అన్యాయం చేసినవాళ్లమవుతాము. కాళీయ మర్దనానికి వేరే ఆదివారం కేటాయించండి.

రాతిపొర:
చావా బతుకా అన్న వాదంలో పిల్లలు తప్పకుండా అడిగే ప్రశ్న మరుగున పడుతోంది: "డ్రాగన్ నిజంగా ఉందా?" ఉందేమోనన్న అనుమానం మిగిలితేనే రాత్రి నిద్ర పట్టదు. ఆస్ట్రియాలోని క్లాగెన్‌ఫర్ట్ పట్టణంలో ఒక పాత రాతి డ్రాగన్ ఉంది; దాని తలను చెక్కడానికి నమూనాగా తీసుకున్నది అక్కడి నేలలో దొరికిన పుర్రెను. అది మంచుయుగపు బొచ్చు ఖడ్గమృగానిదని తరువాత తెలిసింది. పెద్ద ఎముక కనబడితే జనం ఒక జంతువును ఊహించుకున్నారన్నమాట. ఇది చెప్పి, హైదరాబాదు బిర్లా విజ్ఞాన కేంద్రంలో నిలబెట్టిన కోటాసారస్ అస్థిపంజరం ఫొటో చూపించండి. ఆదిలాబాద్ ప్రాంతంలోని యామన్‌పల్లి దగ్గర దొరికిన ఎముకలవి. 1988లో ఆ డైనోసార్ జాతికి ఆ ఊరి పేరు కూడా కలిపి పెట్టారు. మన నేలలో నిజంగా దొరికినదాన్ని చూసిన పిల్లవాడు గుహలోని డ్రాగన్‌ను కథగానే వింటాడు.

చిట్టిగువ్వ:
అందరికీ కృతజ్ఞతలు. ముందు వాన కథ, తరువాత స్కూబా కథ ముగింపు మార్చకుండా, ఆ పైన ఎముకల ఫొటోలు అనుకుంటున్నాను. అభ్యంతరం చెప్పిన తల్లుల్లో ఒకరు పక్కనే కూర్చుని వింటామన్నారు. రెండోవారు బాబును ఎముకల సమయానికే తీసుకొస్తామన్నారు, అది వారి ఇష్టం. చివరి పావుగంటలో అట్టతో కత్తులూ డాళ్లూ చేయించాలని ఉంది.

నీలిమబ్బు:
కత్తులు మాత్రం వద్దండీ. స్కూబా కత్తి పట్టనే లేదు. గుడ్డపీలికలు, దూది, మొద్దుమొన సూదులు ఇచ్చి గొర్రెను కుట్టించండి.