అలాట్‌మెంట్ రాకముందే మేనేజ్‌మెంట్ సీటుకు అడ్వాన్స్ కట్టాలా?

కావలి తండ్రి: ఈఏపీసెట్ (ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్ష) కౌన్సెలింగ్‌లో ఆప్షన్లు ఇచ్చేశాం, అలాట్‌మెంట్ కోసం చూస్తున్నాం. పాప పది దాకా కావలి, ఇంటర్ విజయవాడ. ఒంగోలు దగ్గర ఒక ప్రైవేటు కాలేజీ వాళ్లు, తామే నింపుకునే మేనేజ్‌మెంట్ కోటాలో సీఎస్ఈ (కంప్యూటర్ సైన్స్) సీట్లు అయిపోతున్నాయి, ఈ వారమే అడ్వాన్స్ కట్టి టీసీ, మెమోలు ఇవ్వమంటున్నారు. ఏం చేయమంటారు?

దర్గామిట్ట: డబ్బు సంగతి తర్వాత, ముందు టీసీ ఇవ్వొద్దు. కన్వీనర్ సీటు, అంటే కౌన్సెలింగ్‌లో ర్యాంకు మీద ఇచ్చేది, వస్తే ఆన్‌లైన్‌లో సెల్ఫ్ రిపోర్టింగ్ చేసి, గడువులోపు ఆ కాలేజీకి సర్టిఫికెట్లతో వెళ్లాలి. గడువు దాటితే సీటు రద్దు. అప్పటికి మీ టీసీ ఇంకో కాలేజీ బీరువాలో ఉంటే ఏం చేస్తారు? ఒరిజినల్స్ చూసి వెంటనే తిరిగిచ్చేయాలని యూజీసీ 2018లోనే చెప్పింది. గడువులోపు మానుకుంటే 1000 రూపాయలకు మించి పట్టుకోకూడదని ఏఐసీటీఈ (సాంకేతిక విద్యా మండలి) నిబంధన. కడితే మాత్రం ‘ట్యూషన్ ఫీజు’ అని రాసిన రసీదు, తేదీతో సహా తీసుకోండి. తెల్లకాగితం మీద రాసిచ్చిన డబ్బుకు ఏ నిబంధనా అక్కరకు రాదు.

చీమకుర్తి: రూల్సు ఉన్నాయి, అమలేదీ? టీసీ కోసం మా వాళ్లను నెలల తరబడి తిప్పారు.

ఒంగోలు మాస్టారు: కట్టేయండి. ఉండేదే 30 శాతం మేనేజ్‌మెంట్ సీట్లు, సీఎస్ఈవి ముందే పోతాయి. పాప ఇంటర్ విజయవాడ కాబట్టి ఏయూ (ఆంధ్రా యూనివర్సిటీ ప్రాంతం) లోకల్, ఒంగోల్లో కన్వీనర్ సీటు వచ్చినా రావచ్చు. రాకపోతే ఇది ఉంటుంది.

దర్గామిట్ట: మాస్టారూ, ఏయూ లోకల్ కాదు. తొమ్మిది నుంచి ఇంటర్ దాకా వరసగా నాలుగేళ్లు ఒకే ప్రాంతంలో చదివుంటే అక్కడి లోకల్. ఇక్కడ రెండేళ్లు నెల్లూరు జిల్లా, రెండేళ్లు విజయవాడ. అప్పుడు ఆరో తరగతి నుంచి ఏడేళ్లలో ఎక్కువ ఏళ్లు ఎక్కడ చదివారో చూస్తారు, అందులో ఐదేళ్లు కావలే. అంటే ఎస్వీయూ (శ్రీ వెంకటేశ్వర యూనివర్సిటీ ప్రాంతం) లోకల్. ఆరు నుంచి స్టడీ సర్టిఫికెట్లు అడిగేది అందుకే. ఒంగోలు కాలేజీల కన్వీనర్ సీట్లలో 85 శాతం ఏయూ లోకల్ వాళ్లవి, ఈ పాప పోటీ మిగిలిన 15 శాతంలోనే.

ఒంగోలు మాస్టారు: మరి 2022లో నెల్లూరు జిల్లాలో కలిపిన కందుకూరు పిల్లల మాటేంటి? జిల్లా మారితే లోకల్ మారదా?

బిట్రగుంట: వాళ్లది కావలండీ, కందుకూరు ఎందుకు ఇప్పుడు?

ఒంగోలు మాస్టారు: అడిగినదానికి జవాబు చెప్పరు! ఆగమని సలహా ఇస్తున్నారే, రేపు సీటు రాకపోతే మీరు పూచీ పడతారా?

దర్గామిట్ట: మేనేజ్‌మెంట్ సీటుకు ఫీజు రీయింబర్స్‌మెంట్ రాదు, నాలుగేళ్లూ చేతి డబ్బే. ఆ మాట మీరు ఒక్కసారీ అనలేదు. మొదటి విడతలో నచ్చని సీటొస్తే రిపోర్టు చేసి రెండో విడతకు మళ్లీ ఆప్షన్లు పెట్టుకోవచ్చు. కొత్తది వస్తే పాతది పోతుంది, రాకపోతే పాతది ఉంటుంది. ఇంత దారి ఉండగా మీరు కట్టమనేది సీటు కోసం కాదు, అలాట్‌మెంట్ దాకా కంగారు పట్టలేక.

ఒంగోలు మాస్టారు: అవును, కంగారుకే! పిల్ల అన్నం ముందు కూర్చుని ఫోన్ చూస్తా ఉంటే, ఒక సీటైతే ఖాయమైందమ్మా అని చెప్పడానికి కొంత డబ్బు పోతే పోయింది. అందులో తప్పేముంది?

దర్గామిట్ట: ఉన్నవాళ్లకు తప్పు లేదు. వడ్డీకి తెచ్చి కట్టే ఇల్లయితే? ఆ కంగారు చూసే గదా ‘ఈ వారమే’ అని గడువు పెడతారు.

కావలి తండ్రి: మాది రీయింబర్స్‌మెంట్ వచ్చే ఆదాయమే. టీసీ ఇవ్వను. ఒంగోలు కాలేజీలన్నీ పైన పెట్టాను, నష్టమా?

దర్గామిట్ట: కాదు. పైనుంచి చూసుకుంటూ వచ్చి ర్యాంకుకు అందిన మొదటిది ఇస్తారు. పైవి రాకపోయినా కిందివాటికి దెబ్బ లేదు. కింద పాప లోకల్ అయ్యే తిరుపతి, నెల్లూరు, విద్యానగర్ వైపు ఎన్ని పెట్టారు?

కావలి తండ్రి: నాలుగే.

దర్గామిట్ట: చాలవు. ఆప్షన్లు మార్చుకునే రోజు షెడ్యూల్లో ఉంటుంది, దాటిందా?

కావలి తండ్రి: లేదు, రేపే.

దర్గామిట్ట: అయితే కడప దాకా చేర్చండి. సేవ్ చేశాక ప్రింటు తీసుకోండి.