షాపులో క్రెడిట్ కార్డు గీకాలా, డెబిట్ కార్డు గీకాలా?

ప్రశ్న (బెజవాడ నుంచి)

రూ. 38,000 పెట్టి ఫ్రిజ్ కొనాలి. క్రెడిట్ కార్డయితే 2 శాతం అదనంగా ఇవ్వాలంటున్నారు, డెబిట్ కార్డయితే అక్కర్లేదట. రెండూ అదే మెషీన్లో పెడతారు, రెండింటికీ పిన్ నొక్కాల్సిందే. మరి తేడా ఎక్కడ వస్తోంది? ఆ 2 శాతం ఇచ్చయినా క్రెడిట్ వాడటం మేలా? డబ్బు కట్ అయి షాపుకు చేరకపోతే ఏం చేయాలి?

బ్యాంకు కౌంటర్

మెషీన్ దగ్గర తేడా కనబడదండి. డెబిట్ కార్డు పెట్టి పిన్ కొట్టగానే మీ ఖాతాలోంచి 38,000 అప్పుడే వెళ్లిపోతుంది. క్రెడిట్ కార్డయితే మీ ఖాతా జోలికి ఎవరూ రారు. బ్యాంకు తన డబ్బు షాపుకిచ్చి, మీ లిమిట్లో అంత మొత్తం తగ్గించుకుంటుంది, బిల్లు తర్వాత పంపుతుంది.

ఎంత తర్వాత అన్నది మీ బిల్లు తేదీని బట్టి ఉంటుంది. బిల్లు ప్రతి నెలా 18న తయారై, కట్టడానికి 20 రోజుల గడువు ఉందనుకోండి. 19న కొంటే ఆ ఖర్చు వచ్చే నెల 18 బిల్లులోకి వెళ్తుంది, దాదాపు 50 రోజులు వడ్డీ ఉండదు. 17న కొంటే మూడు వారాలే. ఒకట్రెండు రోజులు ఆగగలిగితే బిల్లు తేదీ దాటాక కొనండి.

ఈ లాభమంతా బిల్లు పూర్తిగా కట్టేవాళ్లకే. "మినిమమ్ డ్యూ" అని కనిపించే 5 శాతం, అంటే రూ. 1,900 కట్టి ఊరుకుంటే మిగతాదానికి వడ్డీ కొన్న రోజు నుంచే లెక్కేస్తారు. నెలకు 3.5 శాతం వేసే కార్డయితే 38,000 మీద నెలకు రూ. 1,330, దానిమీద 18 శాతం జీఎస్టీ కలిపి దాదాపు రూ. 1,570. మీరు కట్టిన 1,900లో అసలుకు జమయ్యేది మూడొందల చిల్లరే. పైగా పాత బాకీ తీరేదాకా కొత్తగా కొన్నవాటికీ వడ్డీలేని గడువు పోతుంది. దయచేసి ఈ మాట తేలిగ్గా తీసుకోకండి, పూర్తిగా కట్టే వీలు లేకపోతే క్రెడిట్ కార్డు బయటికి తీయకండి.

షాపు లెక్కలు

2 శాతం సంగతి నేను చెప్తాను. కార్డు గీకిన ప్రతిసారీ షాపుకు వచ్చే డబ్బులోంచి బ్యాంకు ఎండీఆర్ అనే రుసుము పట్టుకుంటుంది. డెబిట్ కార్డుకు దీనిమీద ఆర్‌బీఐ పరిమితి ఉంది. 2018 జనవరి నుంచి, ఏడాది అమ్మకాలు 20 లక్షల లోపున్న షాపుకు 0.40 శాతం, పైనుంటే 0.90 శాతం మించకూడదు. రూపే డెబిట్ కార్డుకైతే 2020 జనవరి నుంచి అసలు సున్నా. క్రెడిట్ కార్డుకు అలాంటి పరిమితి లేదు. 1.8 శాతం అనుకున్నా 38,000 మీద రూ. 684, జీఎస్టీతో రూ. 807. వస్తువు మీద మార్జిన్ తక్కువైతే షాపతనికి అది బరువే, అందుకే మిమ్మల్ని అడుగుతున్నాడు.

అడగటం సబబా అంటే, డెబిట్ కార్డు మీద కస్టమర్ నుంచి ఎండీఆర్ వసూలు చేయకుండా చూడమని ఆర్‌బీఐ బ్యాంకులకు స్పష్టంగా చెప్పింది. డెబిట్‌కూ అదనం అడిగితే ఇవ్వకండి. మెషీన్ ఇచ్చిన బ్యాంకు పేరు స్లిప్పు పైనే ఉంటుంది, ఆ బ్యాంకుకు ఫిర్యాదు చేయొచ్చు. క్రెడిట్ విషయంలో బేరమాడటమే దారి.

మీ లెక్క చూద్దాం. 2 శాతం అంటే రూ. 760. 45 రోజులు మీ డబ్బు సేవింగ్స్ ఖాతాలోనే ఉంటే 3 శాతం చొప్పున వచ్చే వడ్డీ రూ. 140. రివార్డు పాయింట్లు 1 శాతం విలువ చేస్తాయనుకున్నా రూ. 380. రెండూ కలిపి 520. అంటే 240 నష్టం. షాపతను 2 శాతం తీసేస్తే క్రెడిట్ కార్డు, తీయకపోతే డెబిట్. కార్డు మీద బ్యాంకు ఆఫర్ ఏదైనా ఉంటే అది మాత్రం విడిగా లెక్కేసుకోండి.

"నో కాస్ట్ ఈఎంఐ" తీసుకునేట్టయితే వడ్డీకి సరిపడా డిస్కౌంట్ ఇస్తారు గానీ ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ, ప్రాసెసింగ్ ఫీజు మీవే. ముందే అడిగి తెలుసుకోండి.

బ్యాంకు కౌంటర్

ఇక డబ్బు ఇరుక్కునే విషయం. నా దృష్టిలో అసలు తేడా ఇక్కడే ఉంది. ఖాతాలో కట్ అయినట్టు మెసేజ్ వచ్చింది, మెషీన్లో స్లిప్పు రాలేదు అనుకోండి. 2019 సెప్టెంబరులో ఆర్‌బీఐ ఇచ్చిన ఆదేశం ప్రకారం ఆ డబ్బు లావాదేవీ రోజు తర్వాత 5 రోజుల్లోపు దానంతటదే వెనక్కి రావాలి. దాటితే రోజుకు రూ. 100 పరిహారం, మీరు అడగకపోయినా ఇవ్వాలి. డెబిట్ అయితే ఆ అయిదు రోజులూ మీ 38,000 చేతిలో ఉండదు. ఇంటి అద్దె, పిల్లల ఫీజు ఆ ఖాతాలోంచే పోవాల్సి ఉంటే ఇబ్బందే. క్రెడిట్ అయితే లిమిట్ ఇరుక్కుంటుంది అంతే.

షాపులో చేయాల్సిందేమిటంటే, వెంటనే రెండోసారి గీకకండి. ముందు యాప్‌లో బ్యాలెన్స్ చూడండి. డబ్బు పోయి ఉంటే, ఫెయిలైనట్టు స్లిప్పు ఏదైనా వస్తే తీసుకోండి. దానిమీద టీఐడీ (మెషీన్ నంబరు), ఆ లావాదేవీని గుర్తించే 12 అంకెల ఆర్‌ఆర్‌ఎన్, తేదీ, సమయం ఉంటాయి. ఆర్‌ఆర్‌ఎన్ నంబరిస్తే బ్యాంకులో వెతకడం చాలా తేలిక. స్లిప్పు లేకపోతే మెసేజ్ స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. మీ బ్యాంకులో ఫిర్యాదు ఇచ్చి దాని నంబరు తీసుకోండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది సంతృప్తిగా లేకపోయినా ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కు ఆన్‌లైన్‌లో రాయొచ్చు, ఖర్చు లేదు.

ఇంకొకటి, డెబిట్ కార్డుకు షాపుల లిమిట్, ఏటీఎం లిమిట్ వేరువేరు. ఖాతాలో లక్ష ఉన్నా షాపుల లిమిట్ 25,000కి పెట్టి ఉంటే మీ కార్డు తిరస్కరిస్తుంది. బయల్దేరేముందే యాప్‌లో పెంచుకోండి, కొన్నాక తగ్గించేయండి.

ప్రశ్న (బెజవాడ నుంచి)

చాలా థాంక్సండి. కార్డు పోతే? పిన్ లేకుండా ట్యాప్ చేసేయొచ్చు కదా.

బ్యాంకు కౌంటర్

పిన్ లేకుండా ట్యాప్ ఒక్కసారికి రూ. 5,000 వరకే. యాప్‌లో కాంటాక్ట్‌లెస్ ఆపేసే స్విచ్ కూడా ఉంటుంది. డెబిట్ కార్డుకైనా అది ఆపి ఉంచండి.

మీ తప్పుగానీ బ్యాంకు తప్పుగానీ లేకుండా ఎవరో మీ కార్డు వాడేస్తే, బ్యాంకు మెసేజ్ వచ్చిన 3 పనిదినాల్లోపు చెబితే మీకు నష్టం ఉండదు. 4 నుంచి 7 పనిదినాల మధ్య చెబితే మామూలు సేవింగ్స్ ఖాతాకైనా, 5 లక్షల లోపు లిమిట్ ఉన్న క్రెడిట్ కార్డుకైనా నష్టం గరిష్ఠంగా రూ. 10,000. ఆపైన బ్యాంకు తన పాలసీ ప్రకారం తేలుస్తుంది. పిన్ కార్డు కవరు మీద రాసుకున్నా, ఎవరికైనా చెప్పినా ఈ రక్షణ రాదు, బ్యాంకుకు చెప్పేదాకా పోయిందంతా మీదే. ముందు యాప్‌లో కార్డు బ్లాక్ చేయండి, తర్వాత సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

డల్లాస్ నుంచి

ఈ ఏడాది పిల్లల్ని అమెరికా చదువుకు పంపేవాళ్లు ఎవరైనా చదువుతుంటే ఒక మాట. ఇక్కడి షాపుల్లో ఒకే డెబిట్ కార్డు పెట్టినా మెషీన్ "డెబిటా, క్రెడిటా" అని అడుగుతుంటుంది. డెబిట్ నొక్కితే పిన్ అడుగుతుంది, కొన్ని షాపుల్లో కొంచెం నగదు కూడా తీసుకోవచ్చు. క్రెడిట్ నొక్కితే పిన్ ఉండదు, కానీ అప్పేమీ కాదు, డబ్బు పోయేది ఖాతాలోంచే. పెట్రోలు బంకుల్లో మాత్రం జాగ్రత్త. పంపు దగ్గర డెబిట్ కార్డు పెడితే 30 డాలర్ల పెట్రోలుకే ఖాతాలో 175 డాలర్ల దాకా మీరు వాడుకోకుండా ఆపి ఉంచవచ్చు, ఖాతాలో తక్కువ డబ్బున్న విద్యార్థికి అది పెద్ద దెబ్బ. లోపల కౌంటర్లో ఎంత కావాలో చెప్పి అంతే కట్టడం మేలు. కార్డు పోయినప్పుడు క్రెడిట్‌కు చట్టప్రకారం నష్టం 50 డాలర్లు మించదు. డెబిట్‌కు రెండు పనిదినాల్లో చెబితేనే ఆ 50, దాటితే 500 దాకా పోవచ్చు.

ప్రశ్న (బెజవాడ నుంచి)

ఒకవేళ ఫ్రిజ్ నచ్చక అదే రోజు వద్దనుకుంటే?

షాపు లెక్కలు

రాత్రి షాపతను ఆ రోజు కార్డు లావాదేవీలు బ్యాంకుకు పంపడానికి మెషీన్లో సెటిల్‌మెంట్ కొట్టకముందే వెళ్లండి. అప్పటిదాకా స్లిప్పు మీది ఇన్‌వాయిస్ నంబరుతో "వాయిడ్" చేయొచ్చు, లావాదేవీయే రద్దవుతుంది. సెటిల్‌మెంట్ అయ్యాక రిఫండ్ ఒక్కటే మార్గం, దానికి రోజులు పడుతుంది. ఏ కార్డుతో కట్టారో దానికే వేయించుకోండి, నగదు ఇస్తామన్నా ఒప్పుకోవద్దు, తర్వాత లెక్క తేలదు. వాయిడ్ స్లిప్పు తప్పకుండా అడిగి తీసుకోండి.

బ్యాంకు కౌంటర్

క్రెడిట్ కార్డుకు రిఫండ్ బిల్లు గడువులోపు వస్తే కట్టాల్సిన మొత్తంలోంచే తగ్గించాలి, అది ఆర్‌బీఐ నిబంధన. గడువులోపు రాకపోతే బిల్లు పూర్తిగా కట్టేయండి. వచ్చాక మీ కార్డు ఖాతాలో జమగా ఉంటుంది, కావాలంటే బ్యాంకు ఖాతాకు పంపమని అడగొచ్చు.