గుంటూరులో తొమ్మిదో తరగతికి ‘స్టాండ్ అండ్ డెలివర్’ చూపించాలంటే

ప్రశ్న: లెక్కలంటే బెదిరే పిల్లలకు, అమెరికాలో ఎస్కలాంటే అనే లెక్కల మాస్టారి నిజకథతో తీసిన ఈ 1988 సినిమా వేద్దామనుకుంటున్నాం. రెండు పీరియడ్లు చాలతాయా? ఇంగ్లీషు అర్థమవుతుందా?

జవాబు: చాలవండీ, గంటా నలభై నిమిషాల సినిమా. మధ్యమధ్యలో స్పానిష్ కూడా వస్తుంది, ముక్కలుగా వేసి తెలుగులో చెప్పాల్సిందే. ఇసుక గుంత ముచ్చట దగ్గర తప్పకుండా ఆపండి: గుంత మైనస్ రెండు, తవ్విపోసిన ఇసుక ప్లస్ రెండు, పూడిస్తే సున్నా. సూర్యలంక బీచ్ చూసిన పిల్లలకు ఇట్టే ఎక్కుతుంది. సినిమాలోలాగే తొమ్మిదో ఎక్కం రెండు చేతుల పది వేళ్ల మీద చేయించండి. 9×4కి ఎడమ నుంచి నాలుగో వేలు మడిస్తే అటు మూడు, ఇటు ఆరు: 36.

ఇంకో జవాబు: మాస్టారూ, సినిమా చూస్తే పనంతా చకచకా అయిపోయినట్టుంటుంది. నిజానికి ఎస్కలాంటే సినిమాలో చూపించిన బడిలో చేరింది 1974లో. ఆయన పిల్లలు 18 మంది కాలిక్యులస్ (పై తరగతుల లెక్కలు) పరీక్ష గట్టెక్కింది 1982లో. పునాది లెక్కలకే ఏళ్లు పట్టాయి. ఇది ముందే చెప్పండి.

మొదటి జవాబిచ్చినవారు: అన్నట్టు, ఫ్యాన్ల హోరులో ప్రొజెక్టర్ స్పీకర్ వినపడదు. విడిగా స్పీకర్ పెట్టండి, కిటికీలకు నల్లగుడ్డ కట్టండి.