జులైలో ప్రెయిరీ క్రీక్ రెడ్‌వుడ్స్: ఎల్క్ ప్రెయిరీలో దిగాలా, గోల్డ్ బ్లఫ్స్ బీచ్‌లోనా? (క్యాంపింగ్ ఫోరమ్ చర్చ, ముందున్నవి సభ్యుల పేర్లు)

కొత్త టెంట్: ఉత్తర కాలిఫోర్నియా తీరంలోని ప్రెయిరీ క్రీక్ రెడ్‌వుడ్స్ పార్కుకు ఫ్రీమాంట్ నుంచి నలుగురం వెళ్తున్నాం, అందులో 8, 11 ఏళ్ల పిల్లలిద్దరు. జులై రెండో వారంలో మూడు రాత్రులు. మాది మామూలు సెడాన్. రెండు క్యాంప్‌గ్రౌండ్లలో ఏది మేలు? ఫెర్న్ మొక్కలు కప్పిన లోయ ఫెర్న్ కాన్యన్‌కి పర్మిట్ ఎలా? ఎండాకాలమే కదా, పలచటి స్లీపింగ్ బ్యాగులు సరిపోతాయా? తిండికి పులిహోర, పెరుగన్నం పట్టుకెళ్దామనుకుంటున్నాం.

ఓరిక్ మలుపు: ముందు బుకింగ్ సంగతి చూడండి, మిగతావన్నీ ఆ తర్వాతే. రిజర్వ్ కాలిఫోర్నియా వెబ్‌సైట్‌లో సరిగ్గా ఆరు నెలల ముందు, ఉదయం 8 గంటలకు తెరుస్తారు. జులై 10న దిగాలంటే జనవరి 10న పొద్దున్నే లాగిన్ అయి కూర్చోవాలి. ఎల్క్ ప్రెయిరీలో టెంట్ వేసుకునే సైట్లు 75, గోల్డ్ బ్లఫ్స్‌లో 26 మాత్రమే. అందుకే రెండోది నిమిషాల్లో అయిపోతుంది. సైటుకు రాత్రికి 35 డాలర్లు.

ఫెర్న్ కాన్యన్‌కి మే 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా కారుతో వెళ్లాలంటే ముందుగా ఆన్‌లైన్‌లో పర్మిట్ తీసుకోవాలి. అది ఉచితమే. గోల్డ్ బ్లఫ్స్‌లో దిగినవాళ్ళకు ఆ పర్మిట్ అక్కర్లేదు. ఆ చోటుకున్న అసలు లాభం ఇదే.

గోల్డ్ బ్లఫ్స్‌కీ ఫెర్న్ కాన్యన్‌కీ పోయే డేవిసన్ రోడ్డు మట్టిరోడ్డు, గుంతలూ దుమ్మూ ఎక్కువ. ట్రైలర్లను రానివ్వరు. జులైలో సెడాన్ నెమ్మదిగా పోతే సాధారణంగా ఇబ్బంది ఉండదు. కాకపోతే కాన్యన్ పార్కింగ్‌కు ముందు చిన్న వాగులు అడ్డొస్తాయి. నీళ్లు ఎక్కువగా ఉన్నాయనిపిస్తే కారు గోల్డ్ బ్లఫ్స్ క్యాంప్ దగ్గరే వదిలి నడిచి వెళ్లండి.

తడి సాక్సు: ఎండాకాలం అని తేలిగ్గా తీసుకోకండి. లోపలి ఊళ్ళలో ఎండ మండేకొద్దీ ఇక్కడ సముద్రం మీంచి పొగమంచు లోపలికి వస్తుంది. జులైలో పగలు 60 ఫారెన్‌హీట్ చుట్టుపక్కల, రాత్రి 50కి అటూ ఇటూ. పైగా ఆకుల మీద చేరిన మంచు చుక్కలుచుక్కలుగా కింద పడుతుంటుంది, వాన లేకుండానే టెంట్ తడుస్తుంది. 30 డిగ్రీల ఫారెన్‌హీట్ చలికి సరిపోయే బ్యాగులు తెచ్చుకోండి. బ్యాగు కంటే కింద పరిచే ప్యాడ్ ముఖ్యం, చలి నేలలోంచే ఎక్కుతుంది.

చలి అని టెంట్ కిటికీలన్నీ మూసేస్తారు చూడండి, అదే పొరపాటు. నలుగురి ఊపిరిలోని తేమ గుడ్డకు పట్టి తెల్లారేసరికి బ్యాగుల మీద కారుతుంది. టెంట్ పైన కప్పే గుడ్డ, రెయిన్‌ఫ్లై, గట్టిగా లాగి కట్టి, పైన గాలి కంతలు తెరిచి ఉంచాలి. కింద పరిచే టార్ప్ టెంట్ అంచు దాటి బయటికి రాకూడదు, వస్తే కారిన నీరంతా టెంట్ కిందికే చేరుతుంది. బీచ్ దగ్గర ఇసుకలో మామూలు మేకులు నిలవవు. పొడవైన ఇసుక మేకులు కావాలి, లేదా సంచిలో ఇసుక నింపి తాడు కట్టి పాతిపెట్టాలి. అక్కడ గాలి కూడా ఎక్కువే. పిల్లలతో మొదటిసారి అయితే నా ఓటు ఎల్క్ ప్రెయిరీకే.

మెతుకు లెక్క: పులిహోర భేష్, కానీ మెతుకు కింద పడకుండా తినాలి. ఇది శుభ్రత కోసం చెప్పే మాట కాదండీ. మార్బుల్డ్ మరలెట్ అనే సముద్రపు పక్షి ఈ పాత చెట్ల పైకొమ్మల మీద ఒకే ఒక్క గుడ్డు పెడుతుంది. క్యాంపుల్లో రాలిన తిండికి స్టెలర్స్ జే అనే నీలం పిట్టలు, కాకులు ఎగబడతాయి, అవే ఆ గుడ్లనూ పిల్లలనూ తింటాయి. తిన్నాక బల్ల కింద కూడా ఏరండి. గిన్నెలు కడిగిన నీళ్లు పొదల్లో పారబోయకుండా, మెతుకులు వడకట్టి చెత్తబుట్టలో వేయండి.

ఎలుగుబంట్లు ఉన్నాయి. ఊరగాయ సీసా, టూత్‌పేస్ట్, సబ్బు, పిల్లల చాక్లెట్లు అన్నీ సైట్‌లో ఉండే ఇనుప పెట్టెలోకే వెళ్లాలి. కారులో దాచేస్తే చాలదు. సామాన్లు యురేకాలోనో మెకిన్లీవిల్‌లోనో కొనుక్కోండి, ఆ తర్వాత పెద్ద దుకాణం లేదు. కట్టెలు ఇంటి దగ్గర్నుంచి తేవద్దు, వాటిలోని పురుగులు కూడా మీతో వస్తాయి.

కొత్త టెంట్: ఎల్క్ ప్రెయిరీ ఖాయం. నడకలు ఏవి? ప్రపంచంలోకెల్లా ఎత్తైన రెడ్‌వుడ్, హైపీరియన్ చెట్టు చూపించాలని పిల్లల గొడవ.

ఓరిక్ మలుపు: హైపీరియన్ మాట మరచిపోండి. 2006లో కనుగొన్నారు, దాదాపు 380 అడుగులు. జనం తొక్కి చుట్టూ నేల గట్టిపడిపోయింది. ఇప్పుడక్కడికి వెళ్తే 5,000 డాలర్ల దాకా జరిమానా, ఆరు నెలల దాకా జైలు. రెడ్‌వుడ్ వేళ్ళు లోతుకు పోవు, పైపైనే చుట్టూ పరుచుకుంటాయి, అందుకే అడుగుల బరువుకే దెబ్బతింటాయి. పైగా కింద నిలబడి తలెత్తితే కొన కనిపించదు, పక్క చెట్టుకీ దానికీ తేడా తెలియదు.

మొదటి రోజు క్యాంప్ నుంచి ప్రెయిరీ క్రీక్ ట్రైల్ మీద బిగ్ ట్రీ అనే పెద్ద రెడ్‌వుడ్ దాకా, చదునైన దారి. రెండో రోజు ట్రిలియం ఫాల్స్, రెండున్నర మైళ్లకు కాస్త పైన. జలపాతం చిన్నదే, అడవే అక్కడ విశేషం. జేమ్స్ ఇర్విన్ ట్రైల్‌లో ఫెర్న్ కాన్యన్‌కు వెళ్లి మైనర్స్ రిడ్జ్ మీదుగా తిరిగొస్తే దాదాపు 12 మైళ్లు, 8 ఏళ్ల పిల్లకు ఎక్కువ. కాబట్టి కాన్యన్‌కి పర్మిట్ తీసుకుని కారులోనే వెళ్లండి. 50 అడుగుల గోడల నిండా ఫెర్న్‌లు, అడుగున హోమ్ క్రీక్. వేసవిలో చెక్కలు వేస్తారు, అయినా కాళ్లు తడుస్తాయి. పాత షూ, మార్చుకోవడానికి పొడి సాక్సు.

తడి సాక్సు: మైదానంలో ఎల్క్‌లు (పెద్ద జాతి జింకలు) ప్రశాంతంగా మేస్తుంటాయి గానీ కనీసం 25 గజాల దూరం ఉంచండి. జులైలో పిల్లలతో ఉన్న ఆడవి ఊరుకోవు. ఫోన్ సిగ్నల్ మీద ఆశ పెట్టుకోకండి, మ్యాపులు ముందే డౌన్‌లోడ్ చేయండి. బీచ్‌లో సముద్రానికి వీపు పెట్టవద్దు, ఉన్నట్టుండి పెద్ద అల వస్తుంది. భూమి గట్టిగా కంపిస్తే సైరన్ కోసం చూడకుండా ఎత్తైన చోటికి ఎక్కేయండి. 1964లో సునామీ క్రెసెంట్ సిటీని ముంచింది ఈ తీరంలోనే.